పదిహేను జీబీల మనిషి

చనిపోయిన పద్నాలుగు నెలలకు అరుణ్ మళ్లీ ఫొటోలు పంపడం మొదలుపెట్టాడు.

సోమవారం పొద్దున ఆ సంగతి నూరీన్‌కు తెలియదు. ఆమె కంప్యూటర్ తెర మీద కనిపించింది ఒక ఎర్ర గీత మాత్రమే. ఖాతా నిండింది, ఇక చోటు లేదు అని దాని అర్థం.

కరీంనగర్ టవర్ సర్కిల్ వెనక సందులో పదమూడేళ్లుగా ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్న మనిషికి ఎర్ర గీతలు కొత్త కాదు. ఫొటోలు, వీడియోలు క్లౌడ్‌లో దాచుకోవడానికి కంపెనీ వాళ్లు ఊరికే ఇచ్చే చోటు పదిహేను జీబీలు. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, గుడ్ మార్నింగ్ పువ్వులు కలిసి రెండేళ్లు తిరగకుండానే దాన్ని నింపేస్తాయి. అప్పుడు జనం నూరీన్ దగ్గరికి పరిగెత్తుకొస్తారు. కొండగట్టు నుంచి గంగాధర దాకా సగం ఫోన్లలో ఖాతాలు తెరిచింది ఆమే మరి. మస్కట్ పోయేవాళ్లు, దుబాయ్ నుంచి వచ్చేవాళ్లు ఊరికూరికే సిమ్ములు మారుస్తారు. అందుకని ఖాతా పోతే తిరిగి తెరిచే నంబరు దగ్గర నూరీన్ తన నంబరే వేసేది. పాస్‌వర్డ్ తన నోటుబుక్కులో రాసుకునేది. ఎవరూ వద్దనలేదు. అడిగి మరీ వేయించుకున్నారు.

అరుణ్ కూడా అలాగే వేయించుకున్నాడు. ఇప్పుడు ఆయన భార్య నవనీత కౌంటర్ ముందు కూర్చుని ఉంది. ఇరవై ఏడేళ్ల పిల్ల. బట్టల షాపులో చీరల కౌంటర్ మీద పని చేస్తుంది.

"రెండేండ్లు ముట్టకపోతే ఖాతానే తీసేస్తరటగదక్కా. ఆయన వీడియోలన్నీ నాకు దించియ్యి. ఆయన గొంతు ఇంకెక్కడ లేదు."

"తీసెయ్యకముందే వచ్చినవ్. ఫికర్ చెయ్యకు," అంది నూరీన్. "అంత ఒక్కపారి దిగదు. రెండు రెండు జీబీల ముక్కలు చేసి దించాలె. ముందుగాల ఈ చెత్త తీస్త."

పువ్వులు, దేవుళ్ల బొమ్మలు, ఎవరో పంపిన జోకుల వీడియోలు తీసేసింది. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది, అందులో ఉన్నవి కూడా లెక్కలోకే వస్తాయి కనుక. రెండు జీబీల చోటు తేలింది. ఎర్ర గీత పోయింది.

మంగళవారం పొద్దున ఖాతా తెరిస్తే ఎర్ర గీత మళ్లీ ఉంది.

నూరీన్ కళ్లద్దాలు తుడుచుకుని ఫొటోలను కిందికి జరిపింది. నిన్న చూసినప్పుడు చివరి ఫొటో జూలై రెండు నాటిది. ఇప్పుడు దాని తర్వాత జూలై మూడు ఉంది. ఐదు ఉంది. ఎనిమిది ఉంది. తడిసిన యూనిఫాంతో అరుగు మీద నిలబడ్డ చిన్నపిల్ల. బైకు మీటరు. పొలంలో నీళ్లు. పద్నాలుగో తారీఖు దగ్గర ఆగిపోయాయి.

"ఇది ప్రవళికనే," అంది నవనీత. బిడ్డ బొమ్మ మీద వేలు పెట్టింది. "ఈ ఫొటో నేనెప్పుడూ చూడలే. నిన్న లేకుండె గదక్కా?"

"లేకుండె."

"మరెట్లొచ్చింది?"

నూరీన్‌కు ఎలా వచ్చిందో అర్థమైంది. 

"జూలై రెండుకు ఖాతా నిండింది. అటెన్క తీసినవన్నీ పైకి ఎక్కలేక ఫోన్లనే ఆగినయి. నిన్న నేను చోటు చేసిన. ఆగినయి ఒక్కొక్కటి ఎక్కినయి. మళ్ల నిండింది."

"ఏ ఫోన్లకెల్లి?"

"అరుణ్ ఫోన్లకెల్లి. ఎక్కడ్నో ఆన్ అయి ఉన్నది. వైఫై గూడ తగుల్తుంది."

"ఆ ఫోన్ కాలువల పోయిందక్కా," అంది నవనీత. "మనిషి దొరికిండు గానీ ఫోన్ దొరకలే."

ఆగస్టు తొమ్మిదిన అరుణ్ వరద కాలువలో శవమై తేలాడు. ఆ పొద్దున భార్యాభర్తలు ఫోన్‌లో గట్టిగా అనుకున్నారు. స్కూలు బస్సు సంగతి, అంతకంటే ఏమీ లేదు. అయితే సాయంత్రానికల్లా ఆ మాట ఊరంతా పాకింది. అరుణ్ దోస్తు పరశురాములు చెప్పాడట, పెళ్లాం తిట్టిందని పొద్దున అరుణ్ తనకు ఫోన్ చేసి ఏడ్చాడని. తాను జగిత్యాలలో ఉండిపోయాననీ, ఊళ్లో ఉంటే ఆపేవాణ్ణనీ అన్నాడట. పదకొండో రోజు అత్త బుచ్చవ్వ కోడలి బట్టల సంచి వాకిట్లో పెట్టింది. కొడుకును మింగినదానికి మనవరాలిని ఇవ్వనంది. అప్పటినుంచి నవనీత కరీంనగర్‌లో తల్లి దగ్గర, ప్రవళిక ఊళ్లో నాయనమ్మ దగ్గర. ఆదివారం పోతే గేటు బయటి నుంచి చూసి రావాలి.

"నేనన్న మాటకే దుంకిండా, కాదా. అదొక్కటి తెలిస్తే చాలక్కా," అంది నవనీత. "దుంకిండంటే నేను బిడ్డను అడగ. నా పాపం నేను మోస్త. దుంకకపోతే మాత్రం అడుగుత."

"పోలీసోళ్లకు చెప్పరాదు?"

"ఏం చెప్పాలె? మా ఆయన పైకెల్లి ఫొటోలు పంపుతుండనా?"

ఆ ఫోన్ ఎక్కడుందో వెతికే దారి నూరీన్ చూసింది. అందులో లొకేషన్ ఆపేసి ఉంది.

"ఇంకింత చోటు కొంటే ఏమైతది? అన్నీ ఒకటేసారి వస్తయి గద?" అని అడిగింది నవనీత.

"కొంటే ఆ ఫోన్ మీద గూడ మెసేజ్ పడుతది. అది ఎవరి చేతుల ఉన్నదో వాళ్లు హుషారైతరు. బంద్ చేస్తే ఖేల్ ఖతం. సప్పుడు కాకుండ చోటు చేసుకుంట పోవాలె."

అలా మొదలైంది. చెత్త అప్పటికే అయిపోయింది. ఇక తీయాల్సినవి నవనీత దించుకోవడానికి వచ్చినవే. ప్రవళిక మొదటి అడుగులు. కొండగట్టు మీద కోతి కొబ్బరిచిప్ప లాక్కుపోతే అరుణ్ నవ్వు. ఒక్కొక్కటి పెన్‌డ్రైవ్‌లోకి దించి, సరిగ్గా ఆడుతోందో లేదో చూసి, క్లౌడ్‌లోంచి తీసేసేవాళ్లు. నవనీత షాపుకు సెలవు పెట్టింది. పాస్‌పోర్టు ఫొటోల కోసం కట్టిన నీలం పరదా వెనక రెండో కంప్యూటర్ ఉంది. దాని ముందు కూర్చుని తారీఖులు చూస్తుండేది.

జూలై పంతొమ్మిది. ఇరవై ఆరు. ఆగస్టు ఒకటి.

చనిపోయిన మనిషి, చావు వైపు రోజుకింత నడుస్తున్నాడు. చోటిస్తే ఒక అడుగు. చోటు లేకపోతే అక్కడే నిలబడి చూస్తుంటాడు.

బుధవారం మధ్యాహ్నం నూరీన్ అన్నం డబ్బా తెరిచి, ముద్ద నోటి దాకా తెచ్చి ఆగిపోయింది.

"అల్లా! నేనెంత బేవకూఫ్‌ను."

"ఏమైందక్కా?"

"ఇక్కడ తీసినవి అక్కడ గూడ పోతయి నవనీతా. ఖాతా ఒక్కటే. మనం క్లౌడ్‌లకెల్లి తీసినకొద్దీ ఆ ఫోన్లకెల్లి గూడ ఫొటోలు మాయమైతుంటయి. ఆ మనిషి చూస్తనే ఉన్నడు."

పరదా వెనక కుర్చీ కిర్రుమంది. "చూస్తే చూడనీ," అంది నవనీత. "పద్నాలుగు నెలల సంది నేను భయపడ్డ. జర వాడు గూడ భయపడనీ."

గురువారం పొద్దున తొమ్మిదో తారీఖు వచ్చింది.

ఒక్కటే ఫొటో. పొద్దున తొమ్మిది నలభై. కాలువ గట్టు, వెనక నిండుగా పారుతున్న నీళ్లు. లుంగీ ఎగ్గట్టి, రెండు చేతులతో గాలం కట్టె పట్టుకుని అరుణ్ పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. తల నుంచి పాదం దాకా నిండు మనిషి.

నవనీత చాలాసేపు చూసింది. "రెండు చేతులు కట్టె మీద ఉన్నయక్కా," అంది మెల్లగా.

"అయితే?"

"ఫోన్ ఎవలు పట్టిండ్రు?"

ఊరంతా ఒంటరిగా పోయాడన్న మనిషి ఒంటరిగా పోలేదు.

ఆ ఫొటో తర్వాత ఇంకేమీ ఎక్కలేదు. నూరీన్ అర జీబీ ఖాళీ చేసింది. రాలేదు. ఇంకో జీబీ ఖాళీ చేసింది. రాలేదు.

"అయిపోయినయేమో."

"లేదు. చిన్నవి ఉంటే ఈపాటికి ఎక్కేవి. అక్కడ పెద్దదేదో ఉన్నది. ఈ చోట్ల పట్టక ఆగింది. వీడియో అయి ఉంటది, లంబా వీడియో."

ఖాతాలో మిగిలిన పెద్ద ఫైలు ఒక్కటే. వాళ్ల పెళ్లి. నాలుగున్నర జీబీలు. నూరీన్ దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి లాగితే పోనని మొరాయించింది. ఆ పాత రకం పెన్‌డ్రైవ్‌లో నాలుగు జీబీలు దాటిన ఫైలు కూర్చోదు.

"రెండు ముక్కలు చేస్తే కూసుంటది," అంది.

"పెళ్లిని ముక్కలు చెయ్యకక్కా."

"నవనీతా, వేరే దారి లేదు. ఆయన ఆఖరిది రావాలంటే ఇది పోవాలె."

నవనీత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది. జీలకర్ర బెల్లం దాకా ఒక ముక్క, తలంబ్రాల నుంచి ఒక ముక్క. రెండూ ఆడుతున్నాయని చూశాక, క్లౌడ్‌లో పెళ్లిని తీసేసే మీట నవనీతే నొక్కింది. చెత్తబుట్ట ఖాళీ చేసింది కూడా ఆమే.

అప్పుడు పదకొండు గంటలు. పన్నెండున్నర దాకా ఏమీ రాలేదు. నవనీత పరదా వెనక తెరను చూస్తూనే ఉంది. నూరీన్ ముందు కౌంటర్లో ఎవరిదో ఆధార్ జిరాక్స్ తీస్తోంది.

"నూరీనక్కా, జర పనుండె."

తలెత్తితే గుమ్మంలో పరశురాములు. నూరీన్‌కు బాగా తెలిసినవాడే. ఆయన ఖాతా కూడా ఆమే తెరిచింది. నాలుగు రోజులుగా నిద్ర లేని ముఖం. గడ్డం పెరిగింది. చేతిలో గుడ్డలో చుట్టిన ఫోన్.

"ఏంది తమ్మీ, గట్లున్నవ్? బుఖారా?"

"పానం బాగలేదక్కా. ఈ ఫోన్... జగిత్యాలల సెకండ్ హ్యాండ్ కొన్న. మొత్తం ఫార్మాట్ కొట్టియ్యి. మొబైల్ షాపోన్ని అడిగితే, ఫార్మాట్ కొట్టినా పాత ఖాతా పాస్‌వర్డ్ అడుగుతది, ఖాతా తెరిచినోళ్ల దగ్గరికే పో అన్నడు."

గుడ్డ విప్పాడు. పగిలిన మూల, వెనక కొండగట్టు అంజన్న స్టిక్కర్. నూరీన్ మీట నొక్కితే తెర మీద ప్రవళిక నవ్వింది.

నూరీన్ ముఖం మాత్రం పదమూడేళ్ల కౌంటర్ ముఖం. చూసీ చూడనట్టు ఫోన్ తిప్పింది. మూలన చిన్న గుర్తు: ఒక వీడియో, అరవై ఒక్క శాతం, వైఫై కోసం ఆగి ఉంది. ఇంట్లోంచి ఫోన్ పట్టుకుని బయల్దేరాడు, ఎక్కడం ఆగిపోయింది. ఇప్పుడు ఫార్మాట్ కొడితే ఎక్కిన అరవై ఒకటీ గాలికి పోతుంది.

"కొడతగని, ముందుగాల వైఫై కలపాలె," అంది. తన వైఫై కలిపింది. అరవై రెండు. "పది నిమిషాలు పడుతది. కూసో. చాయ్ తాగుతవా?"

"వద్దక్కా. జల్ది కానియ్యి."

"జల్ది చేస్తే ఫోన్ ఖరాబైతది. ఏమైందసలు దీనికి?"

పరశురాములు స్టూలు అంచు మీద కూర్చున్నాడు. అరవై ఎనిమిది.

"దీంట్ల పాత మనిషివి ఫొటోలుండె. మొన్న మొన్న ఆన్ చేసిన. చూస్తుంటే... రోజు ఇన్ని మాయమైతున్నయి. నేను ముడుతలేనక్కా. బీరువల పెట్టి తాళమేసిన. తెల్లారి చూస్తే ఇంకిన్ని పోయినయి. ఎవలో వచ్చి ఒక్కొక్కటి తీస్కపోతున్నట్టు."

"పాత మనిషి ఎవరో?"

"ఏమో."

"వైఫై ఎట్ల కలిసింది మీ ఇంట్ల?"

పరశురాములు ముఖం తుడుచుకున్నాడు. అరుణ్ ఆ ఇంట్లో కూర్చుని ఎన్ని క్రికెట్ మ్యాచులు చూశాడో నూరీన్‌కు తెలియదు గానీ ఆ ఫోన్‌కు తెలుసు. ఆన్ చేయగానే పాత దోస్తు ఇల్లు గుర్తుపట్టి, తనంత తానే వైఫైలో కలిసిపోయింది. ఎనభై.

"ఇయ్యాల పెళ్లి వీడియో గూడ పోయింది," అన్నాడు. "ఇగ ఒక్కటే ఉన్నది. అన్నీ తీస్కపోయి, అదొక్కటి నాకోసం ఉంచిండు."

"ఎవరు ఉంచిండు?"

పరశురాములు చేతిలోని గుడ్డను మడత పెట్టాడు.

"అది నువ్వే తీసెయ్యకపోయినవా?"

"మూడుసార్లు నొక్కవోయినక్కా. వేలు వోతలేదు."

తొంభై నాలుగు. తొంభై ఏడు. నూరీన్ జిరాక్స్ మిషన్ ఊరికే ఆన్ చేసింది. ఆ చప్పుడులో వంద పడింది. పరదా వెనక మౌస్ టిక్కుమంది.

ముందు అరుణ్ గొంతు వచ్చింది. నవనీత ఇయర్‌ఫోన్స్ పెట్టుకోలేదు.

"ప్రవళికా! గిదో బిడ్డా, బాపు బొచ్చె పట్టిండు చూడు. మీ అమ్మకు పొద్దుగాల నా మీద కోపమచ్చింది. ఇది చూస్తే దిగుతది. దానికి బొచ్చె అంటే పానం."

"వదినె నిన్ను ఆ చేపతోనే కొడతది బావా," అని నవ్వుతూ ఇంకో గొంతు. పరశురాములు గొంతు.

స్టూలు మీది మనిషి గోడకు అతుక్కుపోయాడు. నూరీన్ పరదా లాగింది. తెర మీద అరుణ్ చేపను కడగడానికి కాలువ వాలు మీద ఒక్కో అడుగు దిగుతున్నాడు. పాచి. పాదం జారింది. తీస్తున్నవాడి చేతిలోంచి ఫోన్ కింద పడింది. ఆ తర్వాత తెర నిండా ఆకాశమే. మబ్బుల్లేని, ఏమీ తెలియని ఆకాశం.

"పర్శిగా! తువ్వాల ఇసురు! పర్శిగా!"

నాలుగో నిమిషం అది. సిమెంటు పగులులో వేళ్లు దూర్చి పట్టుకున్నట్టున్నాడు. మాట తెగుతూ వస్తోంది. ఐదు. ఏడు. నూరీన్ ఆపబోతే నవనీత ఆమె చెయ్యి పట్టుకుంది. తొమ్మిది. పేరు పిలవడం మానేసి ఉత్త కేకలు. పదమూడు. మళ్లీ పేరు, ఈసారి మెల్లగా, ఇంట్లో పిలిచినట్టు. పదిహేనో నిమిషం దగ్గర నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంకో ఆరు నిమిషాలు ఆకాశం. చివరికి ఆకాశానికి అడ్డంగా ఒక ముఖం వంగింది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన పరశురాములు ముఖం. చెయ్యి ముందుకొచ్చింది. వీడియో అయిపోయింది.

"నాకు ఈత రాదు వదినె," అన్నాడు ఆయన గోడ దగ్గరి నుంచి. "తువ్వాల ఇసిరితే నన్ను గూడ గుంజుతడనుకున్న. తువ్వాల నా భుజం మీదనే ఉండె."

నవనీత లేచి వచ్చింది. కొట్టలేదు, తిట్టలేదు. ఆయన ముందు నిలబడింది.

"మా కొట్లాట మాట ఊర్లె ఎందుకేసినవ్?"

"అప్పుడు నువ్వెక్కడ ఉన్నవ్ అని నన్ను ఎవలన్న అడుగుతరని. దుంకిండంటే ఇగ ఎవలూ అడగరని."

నవనీత తన ఫోన్ తీసి అత్తకు కలిపింది. స్పీకర్ పెట్టింది. బుచ్చవ్వ గొంతు విసురుగా వచ్చింది. "ఎందుకు చేసినవే? పిల్ల బడికి పోయింది."

"అత్తమ్మా, పెట్టెయ్యకు. ఒకాయన మాట్లాడుతడు." ఫోన్ ఆయన నోటి ముందు పెట్టింది. "చెప్పు."

పరశురాములు చెప్పాడు. దుంకలేదన్నాడు. జారాడన్నాడు. పెళ్లాం మీద కోపం లేదనీ, ఆమె కోసమే చేప పట్టాడనీ, తాను పక్కనే ఉన్నాననీ చెప్పాడు. చెబుతూ చెబుతూ నేల మీద కూలబడ్డాడు. అవతలి నుంచి ముసలిగొంతు వచ్చింది, విసురు పోయిన గొంతు.

"నవనీతా. వాడు పిలిచిండానే? నీళ్లల్ల పడ్డంక నా కొడుకు ఎవలనన్న పిలిచిండా?"

తెర మీద ఆ ముఖం ఇంకా అలాగే నిలిచి ఉంది.

"లేదత్తమ్మా," అంది నవనీత. "ఒక్కసారే జారిండు. పిలువనీకి గూడ టైం లేకుండె."

"నిజమేనా?"

"నిజమే. నేను చూసిన గద."

బుచ్చవ్వ ఏడ్చింది. "నాలుగింటికి పిల్ల వస్తది," అంది ఏడుపు మధ్యలో. "ఆలోపు రా. నువ్వే గేటుకాడ నిలవడు. నేను ఏమని చెప్పాలె దానికి, నువ్వే చెప్పు."

ఫోన్ పెట్టేశాక నవనీత సంచి సర్దుకుంది. పెన్‌డ్రైవ్ కొంగు కొసన ముడి వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగింది.

"అక్కా, ముందటి మూడు నిమిషాలు కోసి పెట్టు. చేప దాకా. అది ప్రవళికకు."

"మిగిలింది?"

"పోలీసోళ్లకు ఒకటియ్యి. మా అత్త చెవిల పడనియ్యద్దని చెప్త వాళ్లకు." నవనీత నేల మీద కూర్చున్న మనిషి వైపు చూసింది. "ఒకటి ఈయన సొంత ఫోన్ల వెయ్యి. తీసేసుకుంటే తీసేసుకోని."

ఆమె సందులోకి దిగి, బస్టాండు వైపు వేగంగా నడిచిపోయింది.

నూరీన్ కేబుల్ చేతిలో పట్టుకుని నిలబడింది. ఆయన ఫోన్ అడగాలో వద్దో ఆమెకు తోచలేదు. అడిగే పని పడలేదు. పరశురాములు జేబులోంచి తన ఫోన్ తీసి, లాకు తెరిచి, బల్ల మీద పెట్టాడు.